విరమణ ఒక్కరోజులో, విశ్రాంతి పావుపావుగా

ముప్పది అయిదు సంవత్సరాల ఉద్యోగం ఒక సాయంకాలం పూలదండతో, శాలువతో, ఒక గోడగడియారంతో ముగిసిపోతుంది. మరునాటి ఉదయం ఆ మనిషికి లేవవలసిన వేళ లేదు, తినవలసిన వేళ లేదు, పడుకోవలసిన వేళ అంతకంటె లేదు. బంధుమిత్రులు కొందరు "ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి" అంటారు. మరికొందరు "ఊరికే కూర్చుంటే తుప్పు పడతారు, రోజూ అయిదు కిలోమీటర్లు నడవండి" అంటారు. ఈ రెండు సలహాలలోను ఉన్న దోషం ఒక్కటే. రెండూ మనిషిని ఒక్కరోజులో మార్చివేయవలెనని చూస్తాయి. ఆయుర్వేదం అటువంటి మార్పును ఎన్నడూ మెచ్చలేదు.

మా మల్కాపురంలో ఈ విషయాన్ని ముచ్చటించుకోవడానికి తగిన కారణం ఉన్నది. విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమయినది. 1941లో సింధియా కంపెనీ వారి నౌకా నిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేసినారు. అక్కడ తయారయిన 'జల ఉష' నౌక 1948లో నెహ్రూ గారి చేతులమీదుగా జలప్రవేశం చేసినది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చినది. 1992 ఆగస్టు 1న ఉక్కు కర్మాగారం జాతికి అంకితమయినది. ఈ పరిశ్రమలను నమ్ముకొని శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుండి వచ్చి మల్కాపురం, శ్రీహరిపురం, సింధియా, గాజువాక ప్రాంతాలలో స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. తొలితరం వారు చాలామంది గతించినారు. తరువాతి తరం వారు ఇప్పుడు పింఛనుతోనో, భవిష్యనిధి సొమ్ముతోనో ఇంటిపట్టున ఉన్నారు. నా వద్దకు వచ్చే వృద్ధులలో ఎక్కువమంది వీరే. వారి వ్యాధుల పేర్లు వేరువేరుగా ఉన్నా, "అయ్యా, డ్యూటీలో ఉన్నన్నాళ్ళు నాకేమీ లేదు, ఇంటికి వచ్చిన తరువాతే అన్నీ మొదలయినాయి" అనే మాట అందరిదీ.

ముసలితనం ఎప్పటి నుండి?

చరక సంహితలో మధ్యవయస్సుకు అరువది సంవత్సరాలు హద్దుగా చెప్పబడినది. అటుపైన జీర్ణావస్థ. కేంద్ర ప్రభుత్వం 1998లో తన ఉద్యోగుల విరమణ వయస్సును 58 నుండి 60కి పెంచినప్పుడు తెలియకుండానే చరకుని లెక్కకు వచ్చి చేరినది. సుశ్రుతుడు, వాగ్భటుడు మాత్రం డెబ్బది వరకు మధ్యవయస్సే అన్నారు. ఇందులో ఎవరి మాట సరియైనదని నన్ను అడిగేవారున్నారు. రెండూ సరియైనవే అని నా అభిప్రాయం. 60 నుండి 70 వరకు గల పదేండ్లను ఒక సంధికాలంగా భావించవలెను.

ఋతుసంధిని గురించి పాఠకులు విని ఉంటారు. పోయే ఋతువులోని చివరి వారం, వచ్చే ఋతువులోని మొదటి వారం కలిపి ఋతుసంధి. ఆ రోజులలో పాత ఋతుచర్యను కొంచెం కొంచెంగా విడిచి, కొత్తదానిని కొంచెం కొంచెంగా అందుకోవలెనని వాగ్భటుడు చెప్పినాడు. ఒక్కసారిగా విడిస్తే, ఒక్కసారిగా అందుకుంటే, ఆ మార్పే రోగకారణమవుతుంది. రెండు వారాల ఋతుసంధికే ఇంత జాగ్రత్త చెప్పిన శాస్త్రం, పదేండ్ల వయస్సంధిని ఒక్క సాయంకాలంలో దాటమంటుందా?

పావు చొప్పున మానుట

చరక సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో పాదాంశిక క్రమం అనే పద్ధతి ఉన్నది. పాదమంటే నాలుగవ వంతు. చిరకాలం అలవాటైన అపథ్యాన్ని కూడా ఒక్క పెట్టున మానకూడదు. మొదట పావు భాగం మాని, ఆ పావు స్థానంలో హితమైనదానిని ఉంచవలెను. అది ఒంటికి పట్టిన తరువాత రెండవ పావు, ఆ పిమ్మట మూడవది. ఏ పావుకు ఎన్ని దినాలు అన్న విషయంలో వ్యాఖ్యాతల లెక్కలు భిన్నంగా ఉన్నాయి. అరువది దాటినవారికి నేను ఒక్కొక్క పావుకు పదిహేను రోజులు ఇస్తాను.

ఇందులో రెండు సంగతులు గమనించవలెను. మొదటిది, అపథ్యమైనా సరే, ఏండ్ల తరబడి చేసినందువలన శరీరానికి సరిపడిపోయినదానికి ఓకసాత్మ్యమని పేరు. రాత్రి షిఫ్టు శాస్త్రరీత్యా అపథ్యమే. రాత్రి జాగరణ రూక్షగుణాన్ని పెంచి వాతాన్ని ప్రకోపింపజేస్తుంది. కాని ముప్పది ఏండ్లు చేసినవానికి అది ఓకసాత్మ్యం. రెండవ సంగతి, మానిన పావును ఖాళీగా ఉంచరాదు. హితమైనదానితో నింపవలెను. మన ఇండ్లలో చాలామంది మరచేది ఇదే.

వెల్డరుగా పనిచేసి విరమించిన ఒకాయన సంగతి చెబుతాను. 34 ఏండ్లు వారం వారం మారే షిఫ్టులు. విరమించిన ఆరు నెలలకు నా వద్దకు వచ్చినాడు. పగలు పదకొండు గంటలకు పడుకొని నాలుగింటికి లేవడం, రాత్రి రెండు మూడింటి వరకు టీవీ ముందు కూర్చోవడం. మలబద్ధకం, కడుపుబ్బరం, చిరాకు. "గురువు గారూ, మనవడు కూడా నా దగ్గరకు రావడం మానేశాడు. నిద్రకేదైనా మందివ్వండి" అన్నాడు. ఆయన అడిగినది నిద్రమందు. ఆయనకు కావలసినది పని.

పగటినిద్ర అయిదు గంటలు. అందులో పావు అంటే గంటంపావు. మొదటి పక్షం ఆ గంటంపావు మాత్రమే తగ్గించి, ఆ వేళకు మనవడిని బడి నుండి తీసుకువచ్చే పని అప్పగించమన్నాను. రెండవ పావుకు పెరటిలో మొక్కల పని. మూడవ పావుకు, ఆయనకు చేతనైన విద్య గనుక, వీధిలో వారి గేట్లు, కిటికీల మరమ్మతులు చూసిపెట్టడం. అయితే నిప్పురవ్వల పని వద్దన్నాను. మిగిలిన పావును తీయలేదు. గ్రీష్మంలో పగటినిద్ర అందరికీ సమ్మతమే, వృద్ధులకు ఇతర ఋతువులలోను కొంత అనుమతి ఉన్నది. రాత్రి తొమ్మిదిన్నరకు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన, ఆపైన ఒక చిన్న గ్లాసు గేదెపాలలో చిటికెడు జాజికాయ పొడి. గేదెపాలు నిద్రను కలిగించడంలో శ్రేష్ఠమని చరకుడు చెప్పినాడు. జాజికాయ చిటికెడుకు మించరాదు, మించితే తల దిమ్ముతుంది. రెండు నెలలకు రాత్రి పదిన్నరకు పడుకొని తెల్లవారుజామున లేచే అలవాటు వచ్చినది. కడుపుబ్బరం వేరే మందు లేకుండానే సగం తగ్గినది.

ఇంకా ఉద్యోగంలో ఉన్నవారికి ఒక మాట. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారు ఎంతసేపు మేలుకొన్నారో అందులో సగం సేపు, ఉదయం, భోజనానికి ముందు నిద్రించవలెనని వాగ్భటుని సూచన. డ్యూటీ దిగి వచ్చి కడుపునిండా తిని పడుకొనే అలవాటు మన ప్రాంతంలో ఎక్కువ. విరమణ తరువాత బయటపడే పొట్టలకు, మధుమేహాలకు అప్పుడే పునాది పడుతున్నది. గురక బిగ్గరగా పెడుతూ, నిద్రలో ఊపిరి ఆగినట్లయి, పగలంతా తూగే స్థూలకాయులు మాత్రం పాలు, నూనెలతో కాలక్షేపం చేయక ఆసుపత్రిలో నిద్ర పరీక్ష చేయించుకోవలెను.

నడక వేరు, వ్యాయామం వేరు

వ్యాయామాన్ని ఎంతగానో శ్లాఘించిన వాగ్భటుడే, వాతపిత్త రోగులు, బాలురు, వృద్ధులు, అజీర్ణం కలవారు దానిని మానవలెనని అదే అధ్యాయంలో చెప్పినాడు. ఈ వాక్యం చూపించి "ముసలివాళ్ళు కదలకూడదని శాస్త్రమే చెప్పింది కదా" అని వాదించిన పెద్దమనిషి ఒకరున్నారు. ఆయన సుశ్రుతాన్ని చూడలేదు. సుశ్రుతుడు చికిత్సాస్థానంలో వ్యాయామాన్ని వేరుగాను, చంక్రమణాన్ని వేరుగాను చెప్పినాడు. చంక్రమణమంటే దేహాన్ని ఎక్కువ పీడించని నడక. అది ఆయుర్బలాలను, మేధను, జఠరాగ్నిని పెంచుతుందని ఆయన మాట. విశ్రాంత జీవితానికి కావలసినది ఈ చంక్రమణం.

పీడించని నడక అని తెలిసేది ఎట్లా? బలవంతులు కూడా అర్ధశక్తికి మించి శ్రమించరాదన్నారు. నుదుట, ముక్కుమీద, చంకలలో చెమట పట్టడం, నోరు ఎండడం, ఊపిరి నోటితో తీయవలసి రావడం అర్ధశక్తికి గుర్తులు. ఇక్కడ మల్కాపురం వాసులకు ఒక చిక్కు ఉన్నది. మనకు చెమట పట్టడానికి నడవనక్కరలేదు, కుర్చీలో కూర్చున్నా పడుతుంది. శాస్త్రం భూమిని జాంగలం, అనూపం, సాధారణం అని విభజించినది. జలసమృద్ధి కలిగిన మన తీరం అనూపదేశం; ఇక్కడ కఫం అధికం. గాలిలో తేమ ఎక్కువైనందున చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచలేదు. పైగా సముద్రం కూతవేటులో ఉన్నట్లే ఉన్నా, యారాడ కొండ అడ్డుగా నిలిచి మన వీధులకు సముద్రపుగాలిని నేరుగా రానీయదు. అందువలన ఈ ఊరిలో చెమటను కొలతగా తీసుకొనేవారు రెండు విధాల మోసపోతారు. కొందరు పది అడుగులకే చెమట పట్టినదని ఇంటికి మరలుతారు. కొందరు ధారలు కారుతున్నందుకు సంతోషించి, కొవ్వు కరుగుతున్నదనుకొని ఇంకా వేగం పెంచుతారు.

కనుక మనం చెమటను విడిచి సుశ్రుతుడు చెప్పిన గుర్తును పట్టుకోవలెను: హృదయంలోని వాయువు నోటికి చేరడం, అనగా నోటితో ఊపిరి తీయవలసి రావడం. పక్కవారితో తడబడకుండా మాట్లాడుతూ నడవగలిగినంత వరకే మీ నడక. మాట తెగి నోరు తెరచినారంటే అక్కడ ఆగవలెను.

ఋతువును బట్టి కూడా మార్చుకోవలెను. హేమంత, శిశిర, వసంతాలలో అర్ధశక్తి వరకు, తక్కిన కాలాలలో అంతకంటె తక్కువ. మే నెలలో మనకు అయిదున్నర లోపునే సూర్యోదయం అవుతుంది. ఏడింటికి బయలుదేరి "పొద్దుటి నడక" అనుకోవడం పొరపాటు, అప్పటికే ఎండ ముదిరినట్లే. ఉక్కు కర్మాగారంలో కొలిమి వేడికి ఓర్చుకొన్నవాడిని, నాకీ ఎండ ఒక లెక్కా అని మే నెలలో ఏడున్నరకు గాజువాక దాకా గబగబ నడిచిన ఒకాయనను పక్క దుకాణం వారు పట్టుకొని కూర్చోబెట్టవలసి వచ్చినది. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడుతున్నాడు, బయలుదేరేముందు నీళ్ళు త్రాగలేదు, మధుమేహం మాత్ర వేసుకొని ఏమీ తినలేదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా కళ్ళు తిరగడానికి చాలును. కొలిమి దగ్గర పనిచేసేనాటికి ఆయన వయస్సు నలుబది, మధ్యమధ్య విరామం, పక్కన తోటివారు. ఆ సహనం పాత దేహానిది.

వేసవిలో ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడి, మనిషి అయోమయంలో పడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. అప్పుడు ఉల్లిరసం, మజ్జిగ అంటూ వంటింటికి పరుగెత్తవద్దు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిని నీళ్ళతో తడుపుతూ విసరవలెను. స్పృహ లేనివారి నోట ఏమీ పోయరాదు. వెంటనే 108కి ఫోన్ చేయవలెను.

గాలిలో ఘాటు, మసక ఉన్న ఉదయం నడక మానవలెను. నా వద్దకు వచ్చేవారు ముక్కులలో నువ్వులనూనె గాని అణుతైలం గాని రెండేసి చుక్కలు వేసుకొంటే పొగలు ఏమీ చేయలేవనుకొంటున్నారు. ప్రతిమర్శ నస్యం ముక్కు లోపలి పొరను మృదువుగా ఉంచుతుంది, ఎండిపోకుండా కాపాడుతుంది. అంతవరకే దాని పని. అది వాయువులను అడ్డగించే కవచం కాదు. పడిశం, జ్వరం ఉన్నప్పుడు, భోజనం చేసిన వెంటనే, తలస్నానం చేసిన వెంటనే నస్యం పనికిరాదు.

ముప్పది రెండు కిలోమీటర్లు

ఆషాఢమాసం వచ్చినదంటే నాకు ఒక దిగులు. సింహాచలం గిరిప్రదక్షిణ. తొలిపావంచా వద్ద కొబ్బరికాయ కొట్టి, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్, గోపాలపట్నం మీదుగా కొండను చుట్టి వచ్చే ఈ నడక సుమారు 32 కిలోమీటర్లు. సంవత్సరమంతా వీధి చివరి కిళ్ళీ దుకాణం దాటనివారు కూడా విరమణ పొందిన సంవత్సరం మొక్కు తీర్చుకోవలెనని బయలుదేరుతారు, అందులోను చాలామంది చెప్పులు లేకుండా. భక్తికి నేను అడ్డు చెప్పను. కాని కాలబలం చూడండి. హేమంత శిశిరాలలో మనిషి బలం ఉత్తమం, గ్రీష్మ వర్షాలలో అల్పం. ఆషాఢ పౌర్ణమి సరిగ్గా గ్రీష్మం ముగిసి బలం అట్టడుగున ఉన్నవేళ వస్తుంది. ఉక్కపోత కూడా అప్పుడే అధికం.

కనుక సన్నాహం ఆషాఢంలో మొదలుపెడితే కాదు, పుష్యమాఘాలలో మొదలుపెట్టవలెను. రోజుకు రెండు కిలోమీటర్లు నడిచేవారు పక్షానికి ఒక పావు చొప్పున, అనగా అర కిలోమీటరు చొప్పున పెంచుకొంటూ పోవలెను. ఫాల్గుణం నాటికి వారానికొక రోజు ఎనిమిది కిలోమీటర్లు, అనగా ప్రదక్షిణలో పావు భాగం, మాట తెగకుండా నడవగలిగితే ఆశ పెట్టుకోవచ్చును. గ్రీష్మంలో దూరం తగ్గించి అలవాటును మాత్రం నిలుపుకోవలెను. హృద్రోగులు, పాదాలలో స్పర్శ తగ్గిన మధుమేహులు ఈ సాహసం చేయరాదు. అరికాలిలో గాజుపెంకు దిగినా తెలియని పాదంతో రాత్రంతా నడచి, ఆ పుండు మూడు నెలలు మానక వ్రేలు పోగొట్టుకొన్నవారిని నేను చూచినాను. అటువంటివారికి ఆలయ ప్రదక్షిణ చాలును. వైశాఖమాసంలో అక్షయ తృతీయనాడు నిజరూప దర్శనమిచ్చి మళ్ళీ చందనం పూయించుకొనే స్వామికి, ఈ తీరపు వేడి సంగతి మనకంటె బాగా తెలుసును.

వంటింటి నుండి

వేసవిలో శీతలయంత్రపు నీటికంటె కుండనీరు మేలు. కుండలో గుప్పెడు వట్టివేళ్ళు కడిగి, పలుచని గుడ్డలో మూటకట్టి వేయవలెను. మూడు దినాలకొకసారి ఎండబెట్టి, పదిరోజులకు మార్చవలెను. ఒంట్లో మంట, మూత్రంలో చురుకు ఉన్నవారికి ధనియాల హిమం మంచిది. ఒక వంతు ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, ఆరు వంతుల చల్లని నీటిలో రాత్రి నానవేసి, ఉదయం వడగట్టి, పటికబెల్లంతో త్రాగవలెను. మధుమేహులు పటికబెల్లం విడువవలెను. చలికాలంలోను, దగ్గు ఉబ్బసం ఉన్నవారికిని ఇది తగదు.

మజ్జిగ మన తీరానికి దేవుడిచ్చిన ఔషధం. పెరుగు కఫాన్ని, బరువును పెంచుతుంది, రాత్రి అసలే పనికిరాదు. దానినే చిలికి, వెన్న తీసి, నాలుగింతలు నీరు కలిపితే తేలికై అగ్నిని నిలుపుతుంది. అల్లం, కరివేపాకు, వేయించిన జీలకర్ర పొడి చేర్చవలెను. ఉప్పు దగ్గరే జాగ్రత్త. చెమటలో ఉప్పు పోతుంది గదా అని గ్లాసు గ్లాసుకు చెంచాడు ఉప్పు వేసుకొనే రక్తపోటు రోగులు ఎందరో. వారికి చిటికెడు చాలు. గుండె, మూత్రపిండాల జబ్బులవల్ల నీరు కొలిచి త్రాగమని వైద్యుడు చెప్పినవారు మజ్జిగను, కొబ్బరినీళ్ళను కూడా ఆ కొలతలో లెక్కించుకోవలెను.

ఉత్తరాంధ్ర ఇండ్లలో పెద్దలు త్రాగిన చోడి అంబలి మళ్ళీ వస్తున్నందుకు సంతోషం. అయితే చోడిపిండి మధుమేహానికి మందని లీటర్ల కొద్దీ త్రాగరాదు, అదీ ధాన్యమే. అన్నం ఒక పావు తగ్గించి ఆ పావుకు అంబలి. ముంజెలు వేసవిలో పైపొరతో సహా తినవచ్చును. చేపలు మన తీరవాసుల నిత్యాహారం. నేను తినకపోయినా తినేవారికి చెప్పవలసినది చెబుతాను. చేప వాతాన్ని తగ్గిస్తుంది, కఫపిత్తాలను పెంచుతుంది, పాలతో కలిస్తే విరుద్ధాహారం. పులుసు మేలు, వేపుడు అరుదుగా. ఎండునెత్తళ్ళలో ఉప్పు ఎంతో రక్తపోటు ఉన్నవారు ఒకసారి ఆలోచించుకోవలెను.

మోకాలికి నూనెయా, ఇసుకయా?

నౌకల అడుగున వంగి, నిచ్చెనలు ఎక్కి దిగి పనిచేసినవారికి మోకాళ్ళ నొప్పి రాకపోతే ఆశ్చర్యం. వారు దుకాణంలో దొరికిన తైలమల్లా రుద్దుతారు. ఏ నొప్పికి ఏది అన్న విచక్షణ ముఖ్యం.

కీలు ఎండినట్లుండి, కదిలిస్తే కటకటమని చప్పుడు చేస్తూ, నడిచినకొద్దీ నొప్పి పెరిగి, పడుకొంటే తగ్గితే అది కేవల వాతం. దానికి నూనె. మహానారాయణ తైలం గాని, నువ్వులనూనె గాని గోరువెచ్చగా పట్టించి, వావిలాకు వేసి కాచిన నీటిలో ముంచి పిండిన గుడ్డతో కాపడం పెట్టవలెను. అట్లాకాక, ఉదయం లేవగానే కీలు బిగిసి, వాచి, బరువుగా, నాలుకపై పాచితో, ఆకలి లేకుండా ఉంటే అందులో ఆమదోషం కలిసినది. దానికి నూనె రాస్తే నొప్పి హెచ్చుతుంది. అనూపదేశంలో ఈ రెండవ రకం తరచు. దానికి ఇసుక కాపడం. శుభ్రంగా కడిగి ఎండబెట్టిన ఇసుకను మూకుడులో వేయించి, మందపు గుడ్డలో మూటకట్టి, చేతి వెనుక తాకించి చూచి, ఓర్వగలిగిన వేడితో పది నిమిషాలు కాచవలెను. మధుమేహంతో స్పర్శ తగ్గినవారు తమంతట తాము కాచుకోరాదు, ఇంట్లో వారు వేడి చూచి కాచవలెను. కీలు ఎర్రబడి జ్వరం కూడా వస్తే ఇంటి వైద్యం ఆపి వైద్యుని చూడవలెను.

ఒళ్ళంతా నూనె అభ్యంగం వాతానికి మంచిదే అయినా, కఫం ఎక్కువైనవారికి, అజీర్ణం ఉన్న రోజున నిషిద్ధం. మన ఉక్కలో రోజూ ఒళ్ళంతా అక్కరలేదు. శిరస్సు, చెవులు, పాదాలు, ఈ మూడింటిని విశేషంగా చూడమని శాస్త్రమే అన్నది. పాదాలకు రాత్రి పూసినది ఉదయం సున్నిపిండితో కడగవలెను. నూనెకాళ్ళతో స్నానాలగదిలో జారి తుంటి ఎముక విరిగితే ఏ తైలమూ ఆదుకోదు.

ఇల్లాలి విరమణ

ఇంతసేపు పురుషుల సంగతే మాట్లాడినాము. ఒకసారి భర్త నడక గురించి అడగడానికి వచ్చిన ఇల్లాలు, ఆయన బయట చెప్పులు వేసుకొంటుండగా వెనుకకు తిరిగి, "ఆయనకు రిటైర్మెంటు ఇచ్చేసినారండి. నాకెప్పుడొస్తాదండి?" అన్నది. ఆమె వయస్సు 58. భర్త ఉద్యోగంలో ఉన్నప్పుడు పగలు కాంటీనులో తినేవాడు. ఇప్పుడు ఇంట్లో రెండు పూటల వేడి భోజనం, నాలుగుసార్లు కాఫీ, వచ్చిన స్నేహితులకు పలహారం. ఆయన విరమణతో ఆమె పని పెరిగినది. ఆమె మోకాళ్ళు నేను చూచినాను. ఆయనవాటి కంటె అధ్వాన్నంగా ఉన్నాయి. అరువది దాటిన స్త్రీలకు ఎముకలు పెళుసవుతాయి. పాలు, నువ్వులు, ఉదయపు ఎండ, తగిన విరామం వారికి ఎక్కువ అవసరం. ఆ ఇంట్లో పాలగ్లాసు ఆయనకే వెళుతున్నది.

ఆయనను లోపలికి పిలిచి కూర్చోబెట్టి, మందుచీటీ మీద ఆమె పేరు వ్రాసి, మందు స్థానంలో పాదాంశిక క్రమం వ్రాసి ఇచ్చినాను. మొదటి పక్షం ఉదయపు కాఫీ, కూరగాయలు తెచ్చి తరగడం ఆయన పని. రెండవ పక్షం రాత్రి ఉప్మాయో, చపాతీయో ఆయనది. ఆ గంట ఆమె నడకకు పోవలెను. మూడవ పక్షం నుండి ఆదివారం వంట ఆయనదే, ఆమె మధ్యాహ్నం ఒక గంట పడుకోవలెను. ఆయన చీటీ అటూ ఇటూ తిప్పి చూచి, "ఇది ఏ దుకాణంలో దొరుకుతుందండీ?" అని నవ్వినాడు గాని, చేసినాడు. మూడు నెలల తరువాత ఆమె ఒక్కతే వచ్చినది. మోకాళ్ళ వాపు తగ్గినది, మెట్లు ఎక్కగలుగుతున్నది. భర్త ఎట్లా ఉన్నాడని అడిగినాను. రాత్రి నిద్ర బాగా పడుతున్నదట, పోపులో ఆవాలు మాత్రం ఇంకా మాడుస్తూనే ఉన్నాడట.